తోర్నాబెల్లా ముక్కు మీది సొట్ట

తోర్నాబెల్లా ముక్కు మీది సొట్ట మాయమైంది.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. లేదు. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. వెలుతురుకి ఎదురుగా నిలబడి చూశాను. చివరికి అరచేత్తో తడిమాను. అప్పుడే గీసిన గడ్డంలా నున్నగా, చల్లగా తగిలింది.

"ఏమైందండీ, అలా చెమటలు పట్టేస్తున్నాయి? మంచినీళ్ళు తెప్పించమంటారా?" అంది డాక్టర్ దాట్ల హైమావతి. కారు ఆవిడది. షెడ్డూ ఆవిడదే. కాకినాడలో పళ్ళ డాక్టరు.

"ఇక్కడొక సొట్ట ఉండాలి," అన్నాను.

"ఉండేదండి. తీయించేశాను."

"తీయించేశారా!"

"సొట్ట కదండీ. తీయించక దణ్ణం పెట్టుకోమంటారా?"

నా చేతిలో గాజుపెట్టె ఉంది. అందులో అదే కారు, ఇరవై నాలుగో వంతు సైజులో, జానెడు పొడవున, మిరపపండు రంగులో మెరుస్తోంది. దాని ముక్కు మీద సొట్ట ఉంది. సొట్టలో మూడు చుక్కలున్నాయి. పెట్టెలో ఉన్నదాన్నీ షెడ్డులో ఉన్నదాన్నీ మార్చి మార్చి చూశాను. రెండింటిలో ఒకటి అబద్ధం. బొమ్మ అబద్ధమాడదు. ఆడకూడదనే ప్రభుత్వం మా మండలిని పెట్టింది.

ఆ మండలి పేరు లఘు వాహన యథార్థతా మండలి. నేను దానికి ముఖ్య పరిశీలకుణ్ణి. గౌరవ హోదా. అంటే గౌరవం మేమే ఇచ్చుకోవాలి.

మొదట్లో ఇదంతా సరదాగానే ఉండేది. మా ఊళ్ళో ఒకాయన పదవీ విరమణ చేసి, పొద్దుపోక, పాత ఇటలీ కారు బొమ్మ కిట్టు ఒకటి తెప్పించుకున్నాడు. పెట్టె నిండా ప్లాస్టిక్ చట్రాలు, చట్రాలకి అంటుకున్న ముక్కలు. వాటిని కత్తిరించి, అరగదీసి, జిగురుతో అతికి, రంగులేసి కారు చేసుకోవాలి. చేశాడు. పక్కింటాయన చూశాడు. అంతే. ఏడాది తిరిగేసరికి ఊరంతా జిగురు వాసన. పొద్దున్నే నడకకి వెళ్ళేవాళ్ళు నడక మానేశారు. పెళ్ళిళ్ళలో కిట్లు చదివించారు. ఇటలీ ఎరుపంటే మిరపపండు ఎరుపా, కుంకం ఎరుపా అన్న దగ్గర కుదిరిన సంబంధాలు చెడ్డాయి. చక్రానికి ఊచలు తక్కువయ్యాయని ఒకాయన, పాత అచ్చుకీ కొత్త అచ్చుకీ తేడా తెలియకుండా మాట్లాడొద్దని ఇంకొకాయన, పోటీ వేదిక మీదే చొక్కాలు పట్టుకున్నారు. పోలీసులు రెండు కార్లనీ స్వాధీనం చేసుకుని జేబులో వేసుకుని వెళ్ళారు. అప్పుడు ప్రభుత్వం మేల్కొంది. మండలి పుట్టింది.

పరిశీలకుడిగా నన్నే ఎందుకు తీసుకున్నారంటే, నేను బీమా కంపెనీలో సర్వేయర్ని. ఉద్యోగమున్నంతకాలం గుద్దుకున్న బళ్ళు చూడటమే నా పని. ఏ సొట్ట చూపించినా "ఇది పాత సొట్ట, పరిహారం చెల్లదు" అని రాసి పంపేవాణ్ణి. జీవితం మొత్తమ్మీద ఒక్క సొట్టని చూసి మాత్రం నోరు తెరిచి నిలబడిపోయాను. అది తోర్నాబెల్లా సొట్ట, అదీ బొమ్మ మీద.

తోర్నాబెల్లా అంటే ముగ్గురు అన్నదమ్ములు ఇటలీలో చేతుల్తో సాగగొట్టి చేసిన అల్యూమినియం కారు. చేసినవే కొన్ని. అందులో మూసిన ముక్కు తరహా కారు ప్రపంచం మొత్తమ్మీద ఒకటే మిగిలింది. అది కోనసీమలో ఒక జమీందారు గారి షెడ్డులో ఉండేది. ఎన్నో ఏళ్ళ కిందట ఒక విదేశీ బొమ్మల కంపెనీ వాళ్ళు అక్కడికి వచ్చి, టేపులు పట్టుకుని అంగుళం అంగుళం కొలుచుకుపోయి కిట్టు తయారుచేశారు. కిట్టుతో వచ్చే పుస్తకంలో స్పష్టంగా అచ్చేశారు: ముక్కు మీది గుంట ఫ్యాక్టరీలో పెట్టినదే, దాన్ని పుట్టీతో పూడ్చరాదు. తెలియక పూడ్చినవాళ్ళు దేశదేశాల పోటీల్లో మార్కులు పోగొట్టుకుని ఏడ్చారు.

ఆ గుంట ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియలేదు. నేను కనిపెట్టాను. 'నిమ్నత్రయం' అని వ్యాసం రాశాను. గుంట గాలిని చీల్చడానికనీ, అందులోని మూడు చుక్కలూ ముగ్గురన్నదమ్ముల గుర్తులనీ, కాస్త పెద్దగా ఉన్న చుక్క పెద్దన్నగారిదనీ నిరూపించాను. ఆ వ్యాసం చదివి మా ఛైర్మన్ గారు నన్ను కౌగిలించుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాండిత్యానికి ఇంతగా కరిగిపోయే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

జమీందారు గారు పోయాక ఆ కారు వాటాల్లో ఆయన మనవరాలికి వచ్చింది. ఆవిడే హైమావతి. ఆ మధ్య పాత బళ్ళన్నిటినీ తుక్కు చెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. వారసత్వ వాహనమని ధ్రువపత్రం ఉన్నవాటికి మినహాయింపు. ఏది వారసత్వ వాహనమో రవాణాశాఖకి తెలియదు కాబట్టి, ఆ పని పాత కార్ల గురించి తెలిసినవాళ్ళకి అప్పగించారు. అంటే మాకు. అంతకుముందు మేమెవ్వరం అసలు సైజు పాత కారుని ముట్టుకుని ఎరగం. ఈ సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

"నెలాఖరులోగా మీ కాగితం ఇవ్వకపోతే బండిని తుక్కు యార్డుకి తోలుకుపోతారంట," అంది హైమావతి. "వచ్చిన పని చూడండి సర్వేయరు గారూ. ముక్కు పట్టుకుని వదలట్లేదేంటి?"

బయటికి వచ్చి ఛైర్మన్ గారికి ఫోన్ చేశాను.

"సొట్ట లేదండీ," అన్నాను.

"ముత్యాలరావు గారూ," అన్నారు ఛైర్మన్ జోగారావు గారు. ఆయన ఫోన్‌లో కూడా గెజిట్‌లాగే మాట్లాడతారు. "ధైర్యము వహింపుడు. సదరు నిమ్నత యొక్క అదృశ్యమును ప్రస్తుతము గోప్యముగా నుంచుడు. మండలిని అత్యవసరముగా సమావేశపరచుచున్నాను."

సమావేశానికి హైమావతి కూడా వచ్చింది. మండలిలో న్యాయ సభ్యురాలు విశాలాక్షి గారు. నిబంధనలన్నీ ఆవిడ రాసినవే. వాటిని ఆవిడ తప్ప ఎవరూ చదవలేదు కాబట్టి ఆవిడ మాటకి తిరుగులేదు.

"నకలుకీ అసలుకీ తేడా వచ్చినప్పుడు దిద్దవలసినది నకలునే," అన్నారు విశాలాక్షి గారు.

"అదే కదండీ నేనూ అంటున్నాను," అంది హైమావతి. "బొమ్మని దిద్దుకోండి."

"నాయందు సహనము వహింపుడు. అసలు అనగా ఏది? నిబంధనల ప్రకారము, ప్రమాణమనగా మండలి కార్యాలయమందు గాజుపెట్టెలో భద్రపరచబడిన నమూనా. దానికి మించిన ప్రమాణము లేదు. కావున తమరి షెడ్డులో నున్నది దానికి పెద్ద సైజు నకలు."

హైమావతి నోరు తెరిచింది. డాక్టరు నోరు తెరిచి కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం.

"మా తాతగారు దాన్ని ఓడలో తెప్పించుకున్నాక ఎన్నో ఏళ్ళకి కదండీ ఈ బొమ్మ పుట్టింది!"

"నకలు ముందుగా పుట్టుటకు నిబంధనలలో అభ్యంతరమేమియు లేదు," అన్నారు విశాలాక్షి గారు.

ఛైర్మన్ గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. "నిమ్నతను పునరుద్ధరించిన చాలును. అంతటితో ఈ వ్యవహారమును ముగింపవచ్చును," అన్నారు.

అక్కడితో నిజంగానే ముగిసి ఉండేది. మధ్యలో నేను నోరు తెరిచాను. సర్వేయరు రక్తం కదా, ఒక్క నష్టం చూసి ఊరుకోదు. బొమ్మనీ బండినీ పక్కపక్కన పెట్టి మిగతా తేడాలు కూడా చూడాలన్నాను. విశాలాక్షి గారు నావైపు మెచ్చుకోలుగా చూశారు. ఆ చూపు కోసం నేను ఇంకా చాలా పాపాలు చేసి ఉండేవాణ్ణి.

మర్నాడు నేను పట్టుకొచ్చిన తేడాలు మండలిని నివ్వెరపరిచాయి. బొమ్మ బానెట్ తెరుచుకోదు, బండిది తెరుచుకుంటోంది. బొమ్మ కిటికీ అద్దాలని ఇరవై నాలుగు రెట్లు చేస్తే ఇటుకంత మందం ఉండాలి, బండివి పల్చగా ఉన్నాయి. బొమ్మ కడుపు కింద 'మింగరాదు, చిన్నపిల్లలకు తగదు' అని అచ్చుంది, బండి కడుపు కింద ఆయిలు మరకలు తప్ప హెచ్చరిక లేదు. అన్నిటికంటే ఘోరం, ఆ కిట్టులో ఇంజను లేదు. బండిలో ఉంది.

"ఇంజనును అనధికార అమరికగా నమోదు చేయుచున్నాము," అన్నారు విశాలాక్షి గారు. "తొలగించిన పిదప ధ్రువపత్రము మంజూరగును."

"ఇంజను తీసేస్తే బండి ఎలా నడుస్తుందండీ?" అంది హైమావతి.

"ప్రమాణ నమూనా నడవదు కదమ్మా," అన్నాను నేను, బుజ్జగిస్తున్నట్టు. ఆ మాట నా నోటితోనే అన్నాను. కాదనను.

ఆవిడ నావైపు తిరిగింది. కోపంగా లేదు. అదే బాధ.

"సర్వేయరు గారూ, ఒక్క మాట వింటారా? మా తాతగారు ఆ బండిలో నన్నెప్పుడూ కూచోనివ్వలేదు. ఆడపిల్లలు కూచుంటే సీటు నలుగుతుందనేవారు. మగపిల్లలందర్నీ ఎక్కించుకుని కాలవగట్టు మీద తిప్పుతుంటే నేను వెనకాల దుమ్ములో పరిగెత్తేదాన్ని. వాటాలప్పుడు ఆ మగపిల్లలందరూ పొలాలు పట్టుకుపోయారు. తుక్కు బండిని నాకు పడేశారు. పళ్ళు పీకి పీకి, ఒక్కో సామానూ తెప్పించి బాగు చేయించుకున్నాను. పోయిన నెల్లో మొదటిసారి ఇంజను పలికింది. ఇంకా రోడ్డెక్కలేదు. నడిపేది నేనే. ఇప్పుడు మీరొచ్చి దాన్ని షోకేసులో పెట్టుకోమంటారా?"

విశాలాక్షి గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. అందులో దీనికి సరిపోయేది దొరకలేదు.

"సరే," అంది హైమావతి కళ్ళు తుడుచుకుని. "ముందు సొట్ట సంగతి తేల్చండి. ఎంత లోతు కొడతారు? బొమ్మని చూసి కొడితే తప్పొస్తుంది, అది మరీ చిన్నది. నా దగ్గర అచ్చుంది, తెస్తాను."

"అచ్చా?"

"తీయించేముందు తీసుకున్నానండి. మా వృత్తిలో అలవాటు. ఏ పన్ను తీసినా ముందు అచ్చు తీస్తాం."

సంచీలోంచి ఒక సున్నపు ముద్ద తీసి బల్ల మీద పెట్టింది. పళ్ళ సెట్టు కోసం నోట్లో పెట్టి తీసే అచ్చులాంటిదే. సొట్టలోకి సున్నం పోసి, గట్టిపడ్డాక ఊడదీసినది. లోపలికి వెళ్ళిన సొట్ట ఇప్పుడు బయటికి ఉబ్బి మా ముందు కూర్చుంది. గుండ్రంగా ఉంది. ఒక చివర కోసుగా ఉంది. ఆ కొసన మూడు చుక్కలు.

విశాలాక్షి గారు దాన్ని చుట్టూ తిరిగి చూశారు. "రోమను శిల్పకళాచ్ఛాయ," అన్నారు.

నేను భూతద్దం పెట్టి చూశాను. పీచుపీచుగా గీతలు కనిపించాయి. "గాలి వాలు గీతలు," అన్నాను. గొంతులో పులకింత. "ఇదుగో, పెద్దన్నగారి చుక్క."

"సర్వేయరు గారూ, పొద్దున్న ఏం టిఫిను తిన్నారు?" అంది హైమావతి.

"ఇడ్లీ."

"చట్నీ?"

"కొబ్బ..." అని ఆగిపోయాను.

మూడు కళ్ళు బల్ల మీంచి నన్నే చూస్తున్నాయి. కోనసీమ పక్కన పుట్టి, కొబ్బరి తోటల మధ్య పెరిగి, రోజూ కొబ్బరి చట్నీ తినే నేను, కొబ్బరికాయని పట్టుకుని ఇటలీ అన్నదమ్ములన్నాను. వ్యాసం రాశాను. దాన్ని నాలుగు భాషల్లోకి అనువదించారు.

"ఎవరో దసరాకి బండి పూజ చేసి కాయ కొట్టారండి," అంది హైమావతి. "పల్చటి రేకు. కాయ పగల్లేదు, రేకు వంగింది. ఇంతోటి దానికి ఇటలీ దాకా వెళ్ళక్కర్లేదు. ఇప్పుడైనా తెలిసింది కదా, కాగితం రాసివ్వండి, పోతాను."

మామూలు మనుషులైతే అక్కడ సిగ్గుపడేవాళ్ళు. మేము మండలి. విశాలాక్షి గారి ముఖం వికసించింది.

"అద్భుతము! పునరుద్ధరణ పరికరమేదో ఇంతవరకు తెలియలేదు. సుత్తితో కొట్టిన అది వేరు సొట్ట అగును. ఇప్పుడు పరికరము దొరికినది. నారికేళముతో కొట్టినదానిని నారికేళముతోనే పునరుద్ధరింపవలెను."

"అనవసరము!" అన్నారు ఛైర్మన్ గారు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "సుత్తితోనే కానిండు. నారికేళ ప్రస్తావనను నమోదు చేయవలదు."

"ఎట్లు కుదురును ఛైర్మన్ గారూ? యథార్థత మన పేరులోనే యున్నది. కొట్టిన చేయి ఎవరిదో కూడ విచారింపవలెనని నా ఉద్దేశము. ఆ చేయి లభ్యమైనచో కొట్టుట మరింత యథార్థముగా నుండును. మూల హస్తము!"

ఛైర్మన్ గారు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. అందులో నీళ్ళు లేవు. అయినా తాగారు. మండలి పరువు పోతుందని పెద్దాయన మథనపడుతున్నారనుకున్నాను. మనుషుల్ని అంచనా వెయ్యడంలో కూడా నేను సర్వేయర్నే.

తుక్కు లారీ రేపనగా, మండలి యావత్తూ హైమావతి షెడ్డుకి చేరింది. ఒక స్టాండు పాతించి దానికి అదే మందం అల్యూమినియం రేకు బిగించాం. బస్తాడు కొబ్బరికాయలు తెప్పించాం. ముందు రేకు మీద సాధన, కుదిరాక కారు మీద. మూల హస్తం దొరకలేదు కాబట్టి, నిబంధనల ప్రకారం ముఖ్య పరిశీలకుడి హస్తమే తాత్కాలిక మూల హస్తం. తువ్వాలు నడుముకి చుట్టాను.

మొదటి కాయ ఠపీమని పగిలింది. నీళ్ళు విశాలాక్షి గారి పట్టుచీర మీద పడ్డాయి. రేకు చెక్కుచెదరలేదు. రెండోది పగిలింది. మూడోది నా బొటనవేలి మీద పగిలింది. చప్పుడు విని వీధిలోవాళ్ళు వచ్చారు. ఏదో శంకుస్థాపన అనుకున్నారు. చేతులు చాపారు. కొబ్బరి చెక్కలు పెట్టాను. ఒక పెద్దాయన కళ్ళకద్దుకుని, "ఏ సామండీ?" అని అడిగాడు.

"ఇటలీ సామి," అంది హైమావతి. "మహత్యం గలవాడు. చదువుకున్నోళ్ళకే కనబడతాడు."

ఛైర్మన్ గారు కుర్చీలో అసహనంగా కదులుతున్నారు. నేను కాయ ఎత్తిన ప్రతిసారీ ఆయన కుడిచెయ్యి తనంతట తానే లేస్తోంది. పగిలిన ప్రతిసారీ పళ్ళు కొరుకుతున్నారు. వంట తెలిసినవాడు, తెలియనివాడి వంట చూస్తున్నట్టుంది ఆయన వాలకం.

బస్తా సగమయ్యేసరికి విశాలాక్షి గారు లేచారు. "రేకు స్వభావము వేరై యుండవచ్చును. కాలయాపన తగదు. ముఖ్య పరిశీలకులు నేరుగా నకలు మీదనే ప్రహరింతురు గాక!"

నకలంటే కారు. నేను కాయ పట్టుకుని కారు దగ్గరికి నడిచాను. హైమావతి నన్ను ఆపలేదు. తలుపు తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారి దగ్గి, సర్దుకుని, లోతుగా, నిండుగా పలికింది. షెడ్డు రేకులు అదిరాయి. అంతవరకు నేను చేసిన బొమ్మలన్నీ నోరులేనివి. అలాంటి కారు పలికితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. నా చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

"కొట్టండి సర్వేయరు గారూ," అంది ఆవిడ అద్దంలోంచి. "కొట్టి, ఆ తర్వాత ఇంజను కూడా మీ చేత్తోనే పీకండి. చప్పుడు ఆగిపోయేటప్పుడు నేను లోపలే కూచుంటాను."

"ప్రహరింపుడు!" అన్నారు విశాలాక్షి గారు.

కళ్ళు మూసుకున్నాను. కాయ ఎత్తాను.

"ఆగెహె!"

గొంతు ఎవరిదో తెలియలేదు. కళ్ళు తెరిచాను. ఛైర్మన్ గారు కుర్చీ తన్నేసి వస్తున్నారు. ఉత్తరీయం కింద పడింది. నా చేతిలోంచి కాయ లాక్కున్నారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

"నీళ్ళ కాయతో ఎక్కడయ్యా సొట్ట పడేది? ఎన్ని కొట్టినా పగిలి చస్తది! కురిడీ కాయ కావాల. అటక మీద ఎండిపోయి, లోపల గుండు లొడలొడలాడే కాయ. అదీ ఇలా పక్కకి కాదు, కళ్ళున్న వేపు తిప్పి పట్టుకుని..."

ఆయన ఆగిపోయారు. చెయ్యి కారు ముక్కుకి జానెడు దూరంలో, సరిగ్గా సొట్ట ఉండాల్సిన చోట ఆగిపోయింది.

హైమావతి ఇంజను ఆపింది. దిగి వచ్చింది.

"ఏ కాయో, ఎటు తిప్పారో మీకెలా తెలుసండీ?" అంది నెమ్మదిగా.

ఛైర్మన్ గారు కాయని చూసుకున్నారు. కారుని చూశారు. వెళ్ళి కారు పక్కన నేల మీద చతికిలబడ్డారు. మళ్ళీ నోరు విప్పినప్పుడు అందులో గెజిట్ లేదు.

"ఆయ్. నేనేనండి. నేనే కొట్టానండి, అమ్మాయిగారండీ. మీ తాతగారి దివాణంలో గుమస్తా సోమయ్యగారని ఉండేవారు, ఆయన కొడుకునండి. జోగీ అనేవారండి నన్ను. మీరప్పటికి పుట్టలేదండి. దసరా పూటండి. కాయ కొట్టే పంతులుగారు రాలేదండి. 'జోగీ, నువ్వు కొట్టరా' అన్నారండి తాతగారు. మంచి కాయ కడుగుదామని నూతికాడికి తీసికెళ్తే, చేజారి నూతిలో పడిపోయిందండి. చెప్తే తోలు ఒలిచేస్తారు కదండీ. అటకెక్కి చేతికందింది పట్టుకొచ్చేశానండి. అది కురిడీ అని నాకేం తెల్సండీ? అందరూ చూస్తన్నారు కదాని బలమంతా పెట్టి కొట్టానండి. కాయకేం కాలేదండి. బండే లోపలికెళ్ళిపోయిందండి. గబగబా పసుపూ కుంకం మెత్తేసి, మీద బంతిపూల దండేసేశానండి. దండ వాడిపోతే ఇంకోటి. నెల్రోజులు ఆ బండికి దండ తియ్యనివ్వలేదండి నేను. 'జోగిగాడికి భక్తెక్కువైపోయింది' అని మురిసిపోయేవారండి తాతగారు.

"ఆ తర్వాత బొమ్మలోళ్ళు వచ్చారండి కొలతలకి. దండ తీసేశారండి. తీసి, 'ఇదేంటి?' అన్నారండి. నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చని తాతగారు నన్నే పక్కన పెట్టుకున్నారండి. నా నోట్లోంచి 'ఫ్యాక్టరీ' అని వచ్చేసిందండి. దొర తిరిగి తాతగార్ని అడిగాడండి, ఔనా అని. ఆయనా అప్పుడే చూడ్డవండి. గానీ సొంత బండి గురించి తెలీదంటే చిన్నతనం కదండీ. మీసం దువ్వుకుని, 'కొన్నప్పట్నించీ ఉంది' అన్నారండి. ఇంకేముందండి, దొర రాసేసుకున్నాడండి.

"అప్పట్నించీ భయవేనండి. ఎవడో ఒకడు కనిపెట్టేస్తాడని. అందుకే కనిపెట్టేవోళ్ళందరికీ నేనే పెద్దనై కూచున్నానండి. ఆ పెద్ద భాషంతా అందుకేనండి, దాంట్లో దాక్కుంటే జోగిగాడు కనపడడని. ఈ సర్వేయరు గారు ముగ్గురన్నదమ్ములని వ్యాసం రాసిన రోజున కడుపునిండా అన్నం తిన్నానండి. ఈయనున్నన్నాళ్ళూ నాకు ఢోకా లేదనుకున్నానండి. సొట్ట తీయించేశారని ఫోనొస్తే మళ్ళీ ప్రాణం పోయిందండి. ఎలాగోలా సొట్ట పెట్టించేస్తే గొడవ సద్దుమణుగుద్ది అనుకున్నానండి. ఇంజను పీకేదాకా వస్తదని అనుకోలేదండి. ఆ చప్పుడు విన్నాక ఇంక నావల్ల కాదండి. ఆ బండి పలికితే మేవందరం పనులొదిలేసి గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవోళ్ళవండి.

"రాసుకోండి సర్వేయరు గారూ, సంతకం పెట్టేస్తాను. బండి అసలుదే. బొమ్మే తప్పు. ఎక్కండి అమ్మాయిగారండీ, నడుపుకోండి. ఆ పూటకి దెబ్బలు తప్పితే చాలనుకున్నానండి. దేశాలన్నీ కలిసి దాన్ని అచ్చేసుకుంటాయని నాకేం తెల్సండీ!"